ఎడమ వైపు ఖాళీ

బొమ్మను ఎట్లా చూడాలో పిల్లలకు చెప్పడం నా ఉద్యోగం. గీయడం కాదు, చూడడం. గీత అందరి చేతికీ రాదు. చూపు మాత్రం ఎవరికైనా నేర్పవచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంతోనే తొమ్మిదో తరగతి ఆడపిల్లల ముందు నిలబడి రేఖ అంటే ఏమిటి, రూపం అంటే ఏమిటి, బొమ్మలో తూకం ఎట్లా కుదురుతుంది, ఖాళీ జాగాకు బొమ్మలో ఏం పని అని ఏళ్ల తరబడి మాట్లాడాను. ఆ కాలంలోనే నా భార్య తలలో గడ్డ ఒకటి పెరిగింది. అది పెరుగుతున్న సంగతి ప్రతి పొద్దునా మా వాకిట్లో, నేల మీద, ముగ్గు గీతల్లో కనబడుతూనే ఉంది. నేను ఆ ముగ్గులను ఎనిమిది నెలలు ఫొటోలు తీశాను. బాగున్నాయని మెచ్చుకున్నాను. క్లాసులో చూపించి పాఠం చెప్పాను.

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరి ముందూ ఒప్పుకోలేదు. దాచుకుని దాచుకుని అలసిపోయి రాస్తున్నాను.

మాది కోస్గి పక్కన చిన్న పల్లె. వాన పడితే కంది, జొన్న, పడకపోతే దుమ్ము. ఆమె మా మేనమామ బిడ్డ. ఐదో తరగతితో బడి మానేసింది. పెళ్లయ్యాక కూడా నన్ను చివరిదాకా బావా అనే పిలిచింది. రాష్ట్రం వచ్చిన తర్వాత కొత్త గురుకులాలు తెరిచినప్పుడు నాకు ఆర్ట్ టీచర్‌గా ఉద్యోగం వచ్చింది. రామన్నపేట వైపు వేశారు. అక్కడ ఎవరూ తెలియదు. రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు సిమెంటు వాకిలి. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఏడవాల్సినంత ఏడ్చి, ఆ ముచ్చట ఇద్దరం ఎప్పుడో మానుకున్నాం.

కొత్త ఊళ్లో ఆమెకు మిగిలింది ఆ వాకిలి ఒక్కటే. తెల్లవారగానే ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేసేది. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. నడుమ పదమూడు చుక్కలు పెట్టి, అటూ ఇటూ సందు చుక్కలతో ఏడుకు దించేది. చుక్కలు పెట్టేటప్పుడు పెదవులు కదిలేవి, లెక్క తప్పకుండా. గీత ఎక్కడ మొదలుపెట్టిందో తిరిగి అక్కడికే తెచ్చి కలిపేది. కలవని ముగ్గు వాకిట్లో వదిలితే ఇంటికి మంచిది కాదని ఆమె భయం. ఎప్పుడైనా తప్పు పడితే, స్కూల్‌కు నాకు ఆలస్యమవుతున్నా సరే, చీపురు తెచ్చి మొత్తం చెరిపి మళ్లీ వేసేది.

నాకు ఆ ముగ్గులంటే పెద్ద గౌరవం ఉండేది కాదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, ఎక్కడెక్కడివో బొమ్మలు పిల్లలకు చూపించి నోరారా పొగిడేవాణ్ణి, ఇంటి ముందరిది దాటుకుని బండెక్కేవాణ్ణి. రెండు పక్కలా అచ్చు గుద్దినట్టు ఒకే తీరుగా ఉండేది బొమ్మే కాదని నా వాదన. ఆమెను ఆట పట్టించేవాణ్ణి కూడా.

"ఎప్పుడు జూసినా రెండు దిక్కుల ఒక్క తీరుగనేనా? జర కొత్తగ ఎయ్యరాదే."

"ముగ్గంటె గట్లనే ఉంటది బావా. మనిషికి రెండు కండ్లున్నట్టు," అనేది.

"ఒంటికన్ను ముగ్గు ఒకటి ఎయ్యి, జూద్దాం."

"నీ నోట్ల మన్నువడ," అని నవ్వేది.

ఆ యేడు వానలు తగ్గాక, ఒక పొద్దున బండి స్టాండు తీస్తూ ముగ్గు వైపు చూశాను. ఎడమ మూలన తామరపువ్వు లేదు. మిగిలిన ఐదు మూలలా ఉంది. ఆ ఒక్క మూల ఖాళీ. ఆ ఖాళీ వల్ల ముగ్గు మొత్తం కుడివైపుకు కదులుతున్నట్టు అనిపించింది. బండి ఆపి ఫోన్ తీసి ఫొటో పట్టాను. ఇన్నేళ్ల నా మాట చివరికి చెవికెక్కిందని సంబరపడ్డాను.

"ఇగో, గిప్పుడేసినవ్ ముగ్గు!" అన్నాను.

ఆమె చీపురు పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. ముగ్గు వైపు చాలాసేపు చూసింది.

"నిజంగ బాగుందా బావా?"

"నేను జెప్తున్న గదా."

ఆ రోజు నుంచి రోజూ ఫొటో తీసేవాణ్ణి. వారం వారం ముగ్గు కుడివైపుకు జరుగుతూ పోయింది. మొదట ఎడమ పక్క చుక్కలు ఉండేవి, గీతలు వాటిని చేరేవి కావు. తర్వాత చుక్కలు కూడా తగ్గాయి. కొన్ని గీతలు నడిమి దాకా వచ్చి అక్కడే తెగిపోయేవి. కలవని గీతను చూస్తే ప్రాణం విలవిలలాడే మనిషి, చీపురు ముట్టకుండా లోపలికి పోయేది. నాకు అది కూడా వింతగా తోచలేదు. ధైర్యం వచ్చిందనుకున్నాను. టీచర్ల గ్రూపులో పెట్టాను. అందరూ బొటనవేళ్లు ఎత్తారు.

క్లాసులో పెద్ద తెర మీద ఆ ఫొటోలు వరసగా చూపించి మూడు పీరియడ్లు పాఠం చెప్పాను. "ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదు. ఖాళీ కూడా బొమ్మలో భాగమే. గీసినవాళ్లు కావాలని వదిలిన చోటు అది. కన్ను అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటుంది," అన్నాను. పిల్లలు రాసుకున్నారు. నాకు ఆ వాక్యం చాలా నచ్చింది. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను.

మా ఎదురింట్లో ఒక అవ్వ ఉండేది. మేకలు, గొర్రెలు కలిపి ఒక ఇరవై దాకా తోలుకుపోయేది. ఒక పొద్దున మందను ఆపి మా వాకిలి ముందు నిలబడింది.

"ఏందే బిడ్డా, ముగ్గు సగమే ఏసి ఇడిశిపెట్టినవ్? పాణం బాగ లేదా?"

నా భార్య జవాబు చెప్పబోయింది. నేను లోపలి నుంచే అందుకున్నాను. "అవ్వా, గది గట్లనే ఉండాలె. గదే దాని అందం. నీకు తెల్వదు."

"నాకేం ఎర్క సారూ, సదువుకున్నోళ్లు మీరు," అంది అవ్వ. కానీ కదలలేదు. కర్ర గడ్డం కింద పెట్టుకుని ముగ్గును, నా భార్యను మార్చి మార్చి చూసింది. "మా మందల గొర్రె ఒక్క దిక్కే తిరుగుతాంటె, ఒక్క దిక్కే మేస్తాంటె, తలకాయల గడ్డ లేశిందంటం మేము. జర దవాఖానకు తీస్కపో సారూ."

నాకు ఒళ్లు మండింది. నా భార్యను గొర్రెతో పోల్చిందన్న కోపం ఒకటి. నా పాఠాన్ని పట్టించుకోలేదన్న కోపం ఇంకొకటి. ఆ రెండో కోపమే ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది. "నీ గొర్రెల సంగతి నువ్వు జూస్కో అవ్వా," అన్నాను. అవ్వ మందను అదిలించుకుంటూ పోయింది. నా భార్య అలాగే గడప పట్టుకుని నిలబడింది. ఆమె ముఖంలో ఏముందో నేను చూడలేదు. స్కూల్‌కు టైమైంది.

ఇంట్లో ఆనవాళ్లు తక్కువేం లేవు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే మిగిలేది, ఇంకొంచెం పెట్టమని అడిగేది. కంచం తిప్పితే మిగతాది తినేది. తిప్పేది నేనే. "ఏందే, చందమామ లెక్క సగం సగం తింటున్నవ్," అని నవ్వేవాణ్ణి. ఎడమ భుజం దర్వాజాకు కొట్టుకునేది. చీర కొంగు ఎడమ పక్కన నేల మీద ఈడ్చుకుపోతున్నా తెలిసేది కాదు. ఎడమ వైపు నిలబడి పిలిస్తే కుడివైపు తిరిగి వెతికేది. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని చెప్పే వీలు నాకు లేదు. విడివిడిగా చూశాను, కలిపి చూడలేదు. విడి గీతలను కలిపి రూపాన్ని పట్టుకోవడమే చూపు అని పిల్లలకు రోజూ చెప్పేది మళ్లీ నేనే. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం కమురు వాసన వచ్చి వంటింట్లోకి పోయాను. ఆమె కుడిచేత్తో రొట్టె తిప్పుతోంది. ఎడమ చేయి పెనం అంచు మీద ఉంది. చర్మం కాలుతోంది. ఆమె నా వైపు తిరిగి, "రొట్టె మాడుతున్నట్టుంది బావా," అంది.

చేయి లాగి నీళ్లలో పెట్టాను. అప్పుడు కూడా ఆమె ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసింది. బండి మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను.

దవాఖానలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. కట్టు కట్టించి, కొన్ని ప్రశ్నలు అడిగింది. తర్వాత మందుల చీటీ వెనక్కి తిప్పి పెన్ను చేతికిచ్చింది.

"అమ్మా, గడియారం బొమ్మ ఎయ్యి. అంకెలన్ని పెట్టు."

నా భార్య శ్రద్ధగా గుండ్రంగా గీసింది. పెదవులు కదుపుతూ అంకెలు వేసింది. పన్నెండు నుంచి మొదలై ఒకటి, రెండు, మూడు అని దిగుతూ పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే కుక్కింది. ఎడమ సగం తెల్లగా ఉంది. అయిపోయిందన్నట్టు పెన్ను కింద పెట్టింది.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పలేదు. ఒక్క చూపు చూసింది, అంతే. వెంటనే హైదరాబాద్‌కు పోయి తలకు స్కానింగ్ చేయించమని రాసిచ్చింది.

"సార్, మీరేం జేస్తరు?"

"డ్రాయింగ్ టీచర్‌ని."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎప్పటిసంది ఉంది గిట్ల?"

"ఓ నెల రోజులు," అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు.

హైదరాబాద్‌లో స్కానింగ్ అయింది. తలలో కుడి పక్కన, వెనక వైపు గడ్డ. కుడి పక్క మెదడు ఎడమ పక్క లోకాన్ని చూస్తుందట. అక్కడ గడ్డ పెరిగితే కళ్లు బాగానే ఉన్నా మనిషికి ఎడమ పక్క అనేది ఉండకుండా పోతుందట. పెద్ద డాక్టరు ఇదంతా ఓపిగ్గా చెప్పి, ఎప్పుడు మొదలైందో సరిగ్గా తెలిస్తే గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో అంచనాకు వస్తుందన్నాడు. ఇక అబద్ధం ఆడే ధైర్యం లేకపోయింది. ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన ఒక్కో ఫొటో జరుపుతూ పోయాడు. చివరి నుంచి వెనక్కి. నిండు ఎండాకాలం, చలికాలం, వానలు తగ్గిన రోజులు. ముగ్గు కొంచెం కొంచెంగా ఎడమకు తిరిగి వస్తోంది. ఒక దగ్గర ఆగాడు. తామరపువ్వు లేని ఆ మొదటి మూల.

"ఇక్కడ మొదలైంది," అన్నాడు. "ఇంత చక్కగ ఎవరు రికార్డు పెట్టిన్రు?"

"నేనే సార్."

"మరి ఎందుకు తీసిన్రు?"

బాగున్నాయని తీశాను అనాలి. ఫోన్ వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. అప్పుడు వచ్చి ఉంటే గడ్డ చిన్నగా ఉండేదని, మొత్తం తీసే వీలుండేదని మాత్రం చెప్పాడు. తిట్టినట్టు చెప్పలేదు. అడిగినవాడికి వాన ఎప్పుడు పడిందో చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా ఏడ్చాను.

ఆపరేషన్‌లో కొంతే తీశారు. మిగిలినది తీస్తే ఎడమ కాలూ చేయీ పడిపోతాయో, మనిషే పోతుందో చెప్పలేమన్నారు. తల చుట్టూ కట్టుతో ఆమెను రామన్నపేటకు తెచ్చుకున్నాను. స్కూల్‌కు సెలవు పెట్టాను. మంచం ఎడమ పక్కను గోడకు చేర్చి, ఎప్పుడూ కుడివైపు నుంచే మాట్లాడేవాణ్ణి. వాకిలి నేనే ఊడ్చేవాణ్ణి. ముగ్గు వేయలేదు. నాకు చేతకాదు. ఇన్నేళ్లు బొమ్మల గురించి చెప్పినవాడికి పదమూడు చుక్కల ముగ్గు చేతకాలేదు.

ఎదురింటి అవ్వ రోజూ సాయంత్రం చెంబుతో మేకపాలు తెచ్చేది. మంచం కుడి పక్కనే కూర్చునేది. అట్లా కూర్చోవాలని అవ్వకు ఎవరూ చెప్పలేదు, తనకే తెలుసు. ఆ పొద్దున నేనన్న మాటను అవ్వ గుర్తు చేయలేదు. ఒక్కసారి దెప్పినా నాకు కొంచెం తేలికయ్యేది. అవ్వ మాత్రం ఆమె నుదురు తడిమి, చెంబు తీసుకుని పోయేది.

అట్లా ఏడు నెలలు బతికింది. మాట చివరిదాకా బాగానే ఉంది. చివరి నెలలో ఒక పొద్దున వాకిట్లోకి ఎండ వచ్చాక కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పలక, బలపం అడిగింది. అంగడికి పోయి కొనుక్కొచ్చాను. ఒళ్లో పెట్టుకుని చుక్కలు పెట్టింది. పెదవులు కదిలాయి. మూడు చుక్కల వరస, రెండు చుక్కల వరస, అన్నీ కుడి అంచున. వాటి చుట్టూ ఒక గీత తిప్పి, నడిమికి వచ్చాక దారి తెలియనట్టు ఆపింది. పలక నా వైపు తిప్పింది.

"ఎట్లుంది బావా?"

బాగుందే అనే మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. ఇన్ని రోజులు వాడి వాడి అరిగిన మాట. ఇంకొక నెలలో పోయే మనిషికి అది చెప్పినా తప్పు పట్టేవాళ్లు లేరు. అయినా ఆ పొద్దున నాకు నోరు రాలేదు.

"బాగ లేదే," అన్నాను. "ఎడమ పక్కంత ఖాళీ ఉంది. నువ్వు ఆడ ఏం ఎయ్యలేదు."

"ఏడ? చూపెట్టు."

ఆమె వేలు పట్టుకుని పలక నడిమి నుంచి ఎడమకు నడిపించాను. చెక్క అంచు తగిలేదాకా తీసుకుపోయాను. ఆమె కళ్లు నడిమిలోనే ఆగిపోయాయి. వేలు ఎటు పోయిందో వెతుక్కున్నాయి.

"ఆడ ఖాళీ లేదు బావా," అంది. "ఆడ పలకనే లేదు."

నేను ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆమే అడిగింది.

"గప్పుడు గూడ గిట్లనే ఉండెనా? నువ్వు ఫొటోలు తీసినప్పుడు?"

"గిట్లనే ఉండె."

తల ఊపింది. కోపం లేదు. తప్పిన లెక్క ఎక్కడ తప్పిందో దొరికినట్టు ఊపింది.

"నాకు అనుమానమొచ్చింది బావా. చుక్కలు పెడ్తాంటె లెక్కకు రాకపోయేది. గీత ఎటు పోయిందో దొరకకపోయేది. శాన భయమయ్యేది. నీకు జెప్దామనే పొద్దుగాల గడప కాడ నిలవడేదాన్ని. నువ్వొచ్చి బాగుందంటివి. బొమ్మల సంగతి ఎర్కున్నోడివి నువ్వే బాగుందంటివని, ఊకున్న."